తుపాకిపట్టీ: భుజమునకా, చేతికా?

కచేరి విన్నవారు గాయకుని పొగడుదురు. వెనుక కూర్చుండి తంబురా మీటినవానిని తలచుకొనరు. తుపాకి చరిత్రకును ఇదే గతి పట్టినది. గొట్టమును గూర్చియు, మందును గూర్చియు, తూటాను గూర్చియు చరిత్రకారులు సంపుటములు నింపిరి. ఆ తుపాకికి వ్రేలాడు పట్టీని గూర్చి వ్రాసినది బహుస్వల్పము.

సిపాయిలు ఈ పట్టీని స్లింగు అందురు. తోలుతొడుగు వేసిన ట్రాన్సిస్టరు రేడియోను భుజమునకు తగిలించుకొని తిరిగిన కాలమును ఎరిగినవారు దీని రూపమును సులభముగా ఊహింపగలరు. అయితే రేడియోపట్టీకి ఉన్నది ఒకే పని, మోయుట. తుపాకిపట్టీకి రెండు పనులు. దారి నడచునపుడు భారమును భుజమునకు అప్పగించుట మొదటిది. గురిచూచునపుడు చేయి చలింపకుండ తుపాకిని ఒంటికి బిగించిపట్టుట రెండవది. మోతకు సుఖమైన పట్టీ గురికి అంతగా పనికిరాదు. గురికి తగిన పట్టీ మోతలో చిక్కులు తెచ్చును. ఈ రెంటిలో దేనికి ముందుపీట వేయవలెనను ప్రశ్నకు మూడువందల ఏండ్లుగా సైన్యములు చెప్పుచువచ్చిన సమాధానములే ఈ పట్టీ చరిత్ర. ఒక్కొక్క సైన్యము తన సిపాయిని ఏమని భావించినదో ఆ సమాధానములలోనే తెలియును. ఆ సంగతిని ఇక్కడ వివరింపదలచినాము.

మొదటి తుపాకులకు పట్టీ లేదు. పదునారవ శతాబ్దమున యూరపు కాల్బలము పట్టిన పెద్ద వత్తితుపాకి ఎంత బరువనగా, కాల్చునపుడు దాని గొట్టమును ఒక పంగలకఱ్ఱ మీద ఆనింపవలసి వచ్చెడిది. నడచునపుడు దానిని దుంగను మోసినట్లు భుజము మీద పెట్టుకొనుటయే. పట్టీ అవసరమును బాగుగా గుర్తించినవాడు గుఱ్ఱపురౌతు. అతనికి ఒక చేత కళ్ళెము, ఒక చేత కత్తి. మరి తుపాకిని ఎక్కడ పెట్టుకొనును? అందుచేత పదునేడవ శతాబ్దపు రౌతులు వెడల్పైన తోలుపటకాను జందెపువాటముగా ధరించి, దాని కొక్కెమునకు పొట్టితుపాకిని తగిలించుకొనిరి. కాల్బలములో ఈ సౌకర్యమును ముందుగా పొందినవారు గ్రెనేడియరులు. చేతిబాంబునకు నిప్పు ముట్టించి విసరుట వీరి పని. బాంబునకు ఒక చేయి, నిప్పునకు ఒక చేయి కావలసినపుడు తుపాకి వీపునకు పోక తప్పదు. ఇంగ్లండులో 1678 ప్రాంతమున ఈ దళములు ఏర్పడినపుడు వారి తుపాకులకు పట్టీలు అమర్చిరి. ఈ రెండు సందర్భములలోను పట్టీ పుట్టినది తుపాకిని వాడుటకు కాదు. తుపాకిని కొంతసేపు ప్రక్కకు నెట్టి చేతులు ఖాళీ చేసికొనుటకు.

పదునెనిమిదవ శతాబ్దమున సామాన్య సిపాయి తుపాకికి కూడ పట్టీ వచ్చినది. అయినను దాని పని మారలేదు. బ్రిటిషు సేనలు వాడిన "బ్రౌన్ బెస్" తుపాకి నాలుగున్నర కిలోల బరువు. దాని గొట్టము లోపల నునుపు. గుండు గొట్టమునకు వదులుగా ఉండుటచే నూరు గజములు దాటినంతనే అది ఎటు పోవునో కాల్చినవానికే తెలియదు. కాబట్టి ఆనాటి యుద్ధవిధానములో ఒక్కడు గురిచూచుట ముఖ్యము కాదు. వందలమంది వరుసగా నిలిచి, ఒక్క ఆజ్ఞతో, ఒక్కసారిగా కాల్చుట ముఖ్యము. సిపాయి ఒక మనిషి కాదు, ఒక గోడలో ఇటుక. ఇటుకకు గురి నేర్పవలసిన పని లేదు గనుక పట్టీ మోతకును, కవాతులో శోభకును మాత్రమే మిగిలినది. దానికి తెల్లమట్టి పూసి మెరయునట్లు చేయుటలో సిపాయి గడపిన గంటలు, లక్ష్యమును కొట్టుట నేర్చుకొనుటలో గడపినవానికంటె ఎక్కువ అనిన అతిశయోక్తి కాదు.

గొట్టము లోపల మెలిగాళ్ళు చెక్కిన రైఫిలు వచ్చిన పిదప ఈ లెక్క మారినది. మెలి తిరుగుచు వెలువడు గుండు బొంగరమువలె తన అక్షము మీద నిలిచి తిన్నగా పోవును. ఇక తప్పు జరిగినచో అది తుపాకిది కాదు, పట్టినవానిది. బ్రిటిషు సేనలో 1800లో ప్రయోగదళముగా ఏర్పడి, తరువాత 95వ రైఫిలు దళముగా ప్రసిద్ధికెక్కిన సైనికులకు ఎజికియల్ బేకరు చేసిన రైఫిలును ఇచ్చిరి. వారికి ముదురాకుపచ్చ దుస్తులు. వరుసలో నిలుచుటకు బదులు చెట్ల చాటున, బండల చాటున పొంచి ఒక్కొక్కడు తన లక్ష్యమును తానే ఎన్నుకొనుట వారి విధానము. పట్టీని మోచేతికి బిగించి తుపాకిని నిలుకడ చేయు పద్ధతి ఈ రైఫిలువారి చేతులలో వృద్ధి పొందినది.

ఈ దళములోని టామ్ ప్లంకెట్ అను సైనికుని కథ చాల ప్రసిద్ధము. 1809 జనవరిలో స్పెయిను దేశమున కకబెలోస్ వద్ద బ్రిటిషు సేన వెనుకకు తగ్గుచుండగా, తరుముకొనివచ్చిన ఫ్రెంచి అశ్వదళనాయకుడు కోల్బేరును అతడు వెల్లకిల పరుండి, రైఫిలును కాళ్ళ మీద ఆనించి, దూరము నుండి కొట్టెను. పట్టీని పాదమునకు తగిలించి బిగించినాడని కథకులు చెప్పుదురు. దూరమెంత అను విషయమున నేటికిని వాదము తెగలేదు. కాని సేనానాయకుడు పడిపోయినాడనుట నిజము. ఒక సామాన్య సిపాయి, తన ఒంటిని తానే ఒక ఆధారముగా మలచుకొని, యుద్ధరంగమున ఒక ఘట్టమును మార్చగలడని తెలిసినది.

ఇంతకును ఒక తోలుముక్క గురిని ఎట్లు నిలుపును? ఇది కొంచెము నిదానముగా చెప్పుకొనదగిన విషయము. తుపాకిని ఎత్తి పట్టినవాని ఎడమచేతి కండరములు నాలుగు కిలోల భారమును గాలిలో నిలుపుచుండును. కండరము అలసినకొలది వణకును. ఆ వణకు ఎంత చిన్నదైనను దూరము దానిని పెద్దది చేయును. భుజమునకును ముందుచేతికిని మధ్య ఒక మీటరు దూరమున్నదనుకొనుడు. గొట్టము కొన ఒక్క మిల్లీమీటరు కదలినచో, మూడువందల మీటర్ల దూరమున గుండు ముప్పది సెంటీమీటర్లు తప్పును. గుండె మీద పెట్టిన గురి భుజము ప్రక్కనుండి గాలిలోనికి పోవును. ఆ ఒక్క మిల్లీమీటరును జయించుటకే ఈ పట్టీ.

విధానమిది. పట్టీలో ఒక ఉచ్చు చేసి, దానిని ఎడమచేతి దండకడియము పెట్టుకొను చోట, ఇంకను కొంచెము పైకి, చంక దగ్గరగా బిగింతురు. పట్టీ రెండవ కొన తుపాకి ముందుభాగమున ఉన్న కడియమునకు తగిలియుండును. ఎడమచేతిని పట్టీ చుట్టు త్రిప్పి, అరచేతిని తుపాకి క్రింద ఆనింతురు. ఇప్పుడు జబ్బ, ముంజేయి, పట్టీ మూడును కలిసి ఒక త్రికోణమగును. పందిరికి ఏటవాలుగా గుంజ ఆనించినచో పందిరి ఊగక నిలుచునట్లు, ఈ త్రికోణము కదలదు. మోచేయి నేలమీదనో మోకాలిమీదనో ఆనినపుడు భారము ఎముకల గుండ నేలకు దిగును. కండరమునకు విశ్రాంతి లభించును. అంతేకాక పట్టీ తుపాకి మడమను భుజపుగుంటలోనికి లాగి పట్టుటచే, కాల్చిన ప్రతిసారియు తుపాకి తిరిగి అదే స్థానమునకు వచ్చును. పట్టీ బలమిచ్చునది కాదు. బలము అవసరము లేకుండ చేయునది. మోచేతికి ఆధారము దొరకనపుడు, అనగా నిలుచుండి కాల్చునపుడు, దాని ప్రయోజనము చాల తగ్గుటకు కారణమిదే.

ఈ విద్యకు తోలుతో ఒక శాశ్వతరూపము ఇచ్చినది అమెరికా సైన్యము. దానికి ప్రేరణ ఓటమివంటి ఒక గెలుపు. 1898 జులై 1న క్యూబాలో ఎల్ కానే గ్రామము వద్ద సుమారు ఐదువందలమంది స్పెయిను సైనికులు మౌజరు రైఫిళ్ళతో తమకు పదిరెట్లు మించిన అమెరికను సేనను గంటలతరబడి నిలిపివేసిరి. మరుసటి ఏట దక్షిణాఫ్రికాలో బోయరు రైతులు బ్రిటిషు సేనలకు ఇదే పాఠమును ఇంకను కటువుగా నేర్పిరి. గురి తెలిసిన కొలదిమంది, గురి తెలియని వేలమందికి సరిపోవుదురని ఇరుదేశములకును అర్థమైనది. అమెరికా 1903లో కొత్త స్ప్రింగ్‌ఫీల్డు రైఫిలును స్వీకరించెను. ఆ ఏడే ప్రజలలో రైఫిలువిద్యను ప్రోత్సహించుటకు ఒక జాతీయ మండలిని ఏర్పరచెను. 1907 నుండి జాతీయ పోటీలు ఓహైయో రాష్ట్రములోని క్యాంప్ పెర్రీలో జరుగసాగెను. సైన్యము కొత్త పట్టీని స్వీకరించినదియు ఆ ఏడే. అందుచే దానికి "1907 నమూనా" అని పేరు.

ఈ పట్టీ నిర్మాణము చూడముచ్చటైనది. వెడల్పు ఒకటింపావు అంగుళము. ఒకటి పొడవు, ఒకటి పొట్టి, రెండు తోలుముక్కలు. వానిని కలుపు ఒక లోహపు కడియము. బెజ్జములలో దూర్చుటకు జంట ఇత్తడి కొక్కెములు. ఉచ్చును బిగించి నిలుపుటకు రెండు తోలు ఉంగరములు. పొడవుముక్కలోనే చేతి ఉచ్చు ఏర్పడును. పొట్టిముక్కను విప్పినచో ఉచ్చు స్వతంత్రమై గురికి సిద్ధమగును. మరల కలిపినచో భుజమునకు తగిలించుకొను మోతపట్టీ అగును. ఒకే వస్తువు రెండు పనులకు ఒదిగినది. బెజ్జములు ఉండుటచే సైనికుడు తన చేతికి సరిపడు కొలతను లెక్కపెట్టుకొని జ్ఞాపకముంచుకొనగలడు. కూర్చుండి కాల్చుటకు ఒక బెజ్జము, పరుండి కాల్చుటకు మరియొకటి. స్ప్రింగ్‌ఫీల్డు రైఫిలుతో వచ్చిన ఈ పట్టీ తరువాత గరాండు రైఫిలుకును వాడుకలో ఉండెను; నేటికిని అమెరికాలో పాతరైఫిళ్ళ పోటీలలో పాల్గొనువారు దానినే కోరుదురు.

అయితే ఈ ఉచ్చు వేసికొనుటకు అలవాటైనవానికి కూడ కొంత వ్యవధి కావలెను. శత్రువు ఎదుట పడినపుడు ఆ వ్యవధి దొరకదు. అందుచే రెండవ పద్ధతి ఒకటి కలదు. పట్టీని మోతకు ఉన్న పొడవుననే ఉంచి, ఎడమచేతిని దానిలో దూర్చి, ఒక మెలి త్రిప్పి, జబ్బకును మణికట్టునకును బిగియునట్లు చేయుట. దీనికి ఒకటి రెండు క్షణములు చాలును. నిలుకడ ఉచ్చు ఇచ్చినంత రాదు. బొత్తిగా లేకపోవుటకంటె మేలు. ఉచ్చునకు మరియొక ఇబ్బంది ఉన్నది. చాలసేపు బిగించి ఉంచినచో చేతికి తిమ్మిరి పట్టును. పట్టీ జబ్బలోని రక్తనాడి మీద పడినచో, గుండె కొట్టుకొనినప్పుడెల్ల ముందుగురి చిన్నగా ఎగిరిపడును. అనుభవజ్ఞుడు పట్టీని జబ్బ వెలుపలి ప్రక్కకు త్రిప్పి, నాడి కనబడని చోటు వెదకికొనును. కొలతలు పుస్తకములో దొరకును. ఈ చోటు మాత్రము ఎవరి ఒంటిలో వారికే దొరకవలెను.

ఇక పట్టీని దేనితో చేయవలెననునది వేరొక చరిత్ర. తోలుకు సాగకుండ నిలుచు గుణమును, చేతిని పట్టుకొను గుణమును కలవు. కాని తడిసినచో సాగును, ఎండినచో బిరుసెక్కును, తైలము పూయనిచో పగులును, బురదలో నానినచో కుళ్ళును. 1914లో మొదలైన ప్రపంచయుద్ధపు కందకములలో ఈ లోపములన్నియు ఒక్కసారిగా బయటపడెను. బ్రిటిషు సేన అప్పటికే 1908లో సైనికుని సంచులను, తూటాపెట్టెలను ఒత్తుగా నేసిన నూలుపట్టీలతో చేయించుట ప్రారంభించి ఉండెను. లీ ఎన్‌ఫీల్డు రైఫిలుకు కూడ రెండుకొనలందును ఇత్తడి బిగించిన నూలుపట్టీయే. అది చవుక, తేలిక, తైలము అక్కరలేదు. అందులో ఉచ్చు వేయు ఏర్పాటు లేదు. బ్రిటిషు శిక్షణ వేగమునకు పేరుపొందినది. నిమిషమునకు పదునైదు తూటాలు గురిచూచి కాల్చుట మంచి సైనికునికి లక్షణము. అంత వేగముగా కాల్చువానికి మోతపట్టీ చాలునని ఆ సైన్యము తలచినది.

ఈ లీ ఎన్‌ఫీల్డు మనకు పరాయిది కాదు. కలకత్తా సమీపమున ఈశాపురము కర్మాగారములో 1907 ప్రాంతము నుండి దానిని తయారుచేసిరి. మన జనము "త్రీ నాట్ త్రీ" అని పిలుచుకొనినది దీనినే. నూలుపట్టీతో భుజమునకు వ్రేలాడు ఈ తుపాకి, తాలూకా కచేరి వద్ద కాపలా జవానుని ఆకృతిలో ఒక భాగమైనది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్రదినమున దానికి వీడ్కోలు చెప్పిరి.

తోలు కథలో మన నేలకును ఒక పాలు ఉన్నది. కాన్పూరులో 1860 దశకమున వెలసిన సైనిక జీనుల కర్మాగారము సేనలకు కావలసిన తోలుసామగ్రిని సమకూర్చెను; అక్కడ తోలును ఊనుటకు తుమ్మచెక్కను వాడెడివారు. దక్షిణమున, మదరాసు రాజధానిలోని తెలుగు తమిళ జిల్లాలలో, తోలును తంగేడుచెక్కతో ఊని, కరక్కాయతో ముగింపు చేసెడివారు. ఈ సరకు "ఈస్ట్ ఇండియా కిప్స్" అను పేర లండను విపణికి పోయెడిది. మొదటి ప్రపంచయుద్ధమున సైనికుల బూట్ల పైతోలునకు అది ఎంత ఆవశ్యకమైనదనగా, 1916లో ప్రభుత్వము ఆ వ్యాపారమును తన అదుపులోనికి తీసికొనెను. నేడు తెలంగాణకు రాష్ట్రపుష్పమై, బతుకమ్మలో పసుపుపచ్చగా పేర్చబడు తంగేడు, ఆనాడు బెరడురూపమున ఫ్రాన్సు బురదలో నడచినది. పేరు తెలియని తోలుపనివాని శ్రమ ఎంతదూరము నడచునో దీనివలన తెలియును.

రెండవ ప్రపంచయుద్ధమున ప్రతి సైన్యమును తన స్వభావమునకు తగిన పట్టీని ఎన్నుకొనినది. జర్మనులు మౌజరు రైఫిలుకు పట్టీని క్రిందివైపున గాక ఎడమప్రక్కన అమర్చిరి. ఇది రౌతులనుండి వచ్చిన పద్ధతి. ప్రక్కపట్టీ గల తుపాకి వీపు మీద బల్లపరుపుగా అంటియుండును. గుఱ్ఱము మీదను, మోటారుసైకిలు మీదను ఊగదు, వెన్నుకు గ్రుచ్చుకొనదు. సోవియటులు తమ మొసీను రైఫిలు కొయ్యలో చీలికలు తొలచి, చిన్న తోలుపలుపులతో గుడ్డపట్టీని కట్టిరి; వేగముగా, చవుకగా, లక్షలసంఖ్యలో చేయుటకు అది అనువు. అమెరికా కూడ యుద్ధమధ్యమున తోలును తగ్గించి గరాండు రైఫిలుకు నూలుపట్టీని స్వీకరించెను. అయినను ఒక బిగింపు సాధనముతో ఉచ్చు వేయు వీలును మాత్రము వదలుకొనలేదు. మోత ముఖ్యమనుకొనినవారును, సంఖ్య ముఖ్యమనుకొనినవారును, గురి ముఖ్యమనుకొనినవారును ఇట్లు ఒక్క పట్టీలో బయటపడిరి.

గురిపట్టీలో దాగిన ఒక దోషమును కూడ చెప్పవలెను. పట్టీని గట్టిగా లాగినపుడు ఆ లాగుడు ముందుకడియమునకు పోవును. ఆ కడియము గొట్టమునకే తగిలియున్నచో, గొట్టము వెండ్రుకవాసి వంగును. కంటికి కనబడని ఆ వంపు దూరమున లక్ష్యమును తప్పించును. పట్టీ వేసి సరిచూచుకొనిన తుపాకి పట్టీ లేకుండ ఒకచోట కొట్టును. పట్టీతో మరియొకచోట కొట్టును. అమెరికా ఎమ్ 16 రైఫిలు సన్నని గొట్టముతో ఈ చిక్కు స్పష్టముగా కనబడినది. అందుచేతనే నేటి మేలురకపు రైఫిళ్ళలో గొట్టము ముందుకొయ్యకు ఎక్కడను తగులకుండ విడిగా నిలుచును. పట్టీ కడియమును ముందుకొయ్యకు మాత్రమే బిగింతురు.

నిమిషమునకు వందల తూటాలు వెడలగ్రక్కు చిన్నరైఫిళ్ళు వచ్చిన పిదప సైనికుని నడక మారినది. తుపాకి వీపున ఉండరాదు. రొమ్ముమీద, చేతికి అందియుండవలెను. దీనికై మూడుచోట్ల కలియు పట్టీలు, రెండుచోట్ల తగిలి ఒక్క లాగుడుతో బిగించుటకు, సడలించుటకు వీలైన పట్టీలు, ఒక్కచోటనే తగులు పట్టీలు పుట్టినవి. ఒక్కచోట తగులునది భుజము మార్చుటకు బహుసుళువు. కాని చేతులు వదలి పరుగెత్తినచో తుపాకి మోకాళ్ళకు కొట్టుకొనును. మూడుచోట్ల కలియునది తుపాకిని బాగుగా నిలుపును. దాని మెలికలు మాత్రము తొడుగుకొనువానిని విసిగించును. ఈ కారణముచే రెండుచోట్ల తగులునదియే ఎక్కువమందికి నచ్చినది.

కల్లోలప్రాంతములలో పట్టీకి మూడవ పని కూడ వచ్చిపడినది. తుపాకిని ఎవరును లాగికొనకుండ కాపాడుట. మనదేశమున కాశ్మీరు వీథులలో కాపలా ఉన్న జవానులు తుపాకిని గొలుసుతో నడుమునకు తగిలించుకొనిన చిత్రములు పత్రికలలో వచ్చినవి. ఆ గొలుసును చూచినపుడు మనకు ఒక ఆలోచన కలుగును. ఒకనాడు చేతులు ఖాళీ చేసికొనుటకు పుట్టిన పట్టీ, నేడు చేతులనుండి తుపాకి జారిపోరాదని ఒంటికి వేసిన కట్టు అయినది.

గురిపట్టీ చరిత్ర ఇంతటితో ముగిసినదనుకొనరాదు. వేటగానికి మొదటినుండియు రెండు పనులును కావలెను. అతడు రోజంతయు మోయును; కాల్చునది ఒకే ఒక్కసారి. అమెరికాలో తుపాకివిద్య గురువుగా పేరొందిన జెఫ్ కూపరు 1980 దశకమున మూడుకిలోల తేలిక రైఫిలును ప్రచారము చేయుచు, ఎరిక్ చింగ్ రూపొందించిన పట్టీని మెచ్చుకొనెను. మామూలు మోతపట్టీకి నడుమ మూడవ కడియమునుండి ఒక పొట్టిముక్క వచ్చి కలియును. చేయి దూర్చి ముందుకు త్రోసినంతనే ఉచ్చు తానే ఏర్పడును. 1907 పట్టీ ఇచ్చు నిలుకడయు, మెలిపట్టీ ఇచ్చు వేగమును ఒకచోట చేర్చు ప్రయత్నమిది. దీనికి తుపాకి కొయ్యకు మూడవ కడియము బిగింపవలసివచ్చుట ఒక్కటే అభ్యంతరము.

క్రీడారంగమున గురిపట్టీకి నేటికిని గౌరవస్థానము ఉన్నది. అంతర్జాతీయ నియమముల ప్రకారము పట్టీ వెడల్పు 40 మిల్లీమీటర్లు మించరాదు. మోకాలు వంచి కాల్చునపుడును, పరుండి కాల్చునపుడును మాత్రమే దానిని వాడవచ్చును. నిలుచుండి కాల్చునపుడు నిషిద్ధము. 50 మీటర్ల పోటీలో పది మార్కుల వలయము వ్యాసము 10.4 మిల్లీమీటర్లు. మన చిటికెనవ్రేలి గోరంత. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా స్వర్ణపతకము గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీ నిలుచుండి కాల్చునది. దానిలో పట్టీ లేదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండనులో అదే పోటీలో కాంస్యము గెలిచెను. 2014లో గ్లాస్గో కామన్‌వెల్తు క్రీడలలో 50 మీటర్ల దూరమున పరుండి కాల్చు పోటీలో, పట్టీ బిగించి, రజతము గెలిచెను. 2024 ఆగస్టు 1న ప్యారిసులో స్వప్నిల్ కుసాలే కాంస్యము సాధించిన పోటీలో ఈ రెండు విధములును ఉన్నవి: మోకాలు వంచి, పరుండి, చివరకు పట్టీ విప్పి నిలుచుండి. పట్టీ నేర్పిన నిలుకడ పట్టీ లేనప్పుడు కూడ ఒంటిలో మిగిలియున్నదా అని పరీక్షించుటయే ఆ చివరి ఘట్టము.

ఇంత చరిత్ర చెప్పుకొనిన పిదప ఎన్నిక సంగతి సులభమగును. దూరము నడచి, దగ్గర లక్ష్యమును కాల్చువానికి వెడల్పైన, మెత్తని, జారని పట్టీ మేలు. సన్ననిపట్టీ భుజమును కోయును. దూరపు లక్ష్యమును కాల్చువానికి సాగని పట్టీ, ఉచ్చు, బెజ్జముల కొలత కావలెను. సాగునట్టి రబ్బరుపట్టీ మోతకు హాయిగా ఉండును. గురికి మాత్రము శత్రువు, ఏలయన సాగునది నిలుపలేదు. వానలు మెండైన చోట నూలుకంటెను, తోలుకంటెను నైలాను మన్నును, తేలిక కూడ. అయితే అది నునుపు గనుక చేతినుండి జారును. కడియములు, కొక్కెములు చప్పుడు చేయుచున్నవా అని ఊపి చూడవలెను. గొట్టము క్రిందికి ఉంచి మోసినచో వానచుక్క లోనికి పోదు. కాని మన్ను తగిలి గొట్టము పూడినదా, కాల్చునపుడు పగులును. ఎట్లు మోసినను తుపాకి ఖాళీయా కాదా అని ముందు చూచుకొనుట అన్ని పట్టీలకంటె పెద్ద రక్ష.

కావడి మోయువానికి భుజము ముఖ్యము. విల్లు ఎక్కుపెట్టువానికి చేయి ముఖ్యము. సైనికునికి రెండును కావలెను. అయినను చరిత్ర పొడవున సైన్యములు ఎక్కువగా భుజమునే తలచినవి. మోయుట ఎవరికైనను వచ్చును. గురి నేర్పవలెనన్న నెలలు పట్టును, తూటాలు ఖర్చగును, నేర్పు గురువు కావలెను. చేతిఉచ్చు గల పట్టీని ఇచ్చిన సైన్యము, ఈ సిపాయి ఒక లెక్క కాదు, నేర్పినచో నేర్చుకొనగల మనిషి అని ఒప్పుకొనినట్లే. నేర్పకుండ ఎంత మేలైన పట్టీని ఇచ్చినను అది మోతత్రాడు మాత్రమే. నేర్చినవాని చేతిలో ఒకటింపావు అంగుళపు తోలుముక్కయే వణకును ఆపును. వణకు ఆగిన చేయి ఎక్కడ కాల్చవలెనో, ఎక్కడ కాల్చరాదో కూడ నిదానించి చూడగలదు.